సంఘంలో చేరండి, పని తప్ప అన్నీ చేయండి

భిలాయి ఉక్కు కర్మాగారంలో కొత్తగా చేరి, పైవాళ్ళ కంట్లో ఎలా పడాలా అని బెంగపెట్టుకున్న తమ్ముళ్ళూ, ముందు ఏదో ఒక ఇంజనీర్ల సంఘంలో చేరిపోండి. వాటికి ఇక్కడ కొరత లేదు. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌కు లోకల్ సెంటర్ ఉంది. లోహాల వాళ్ళకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్స్ చాప్టర్ ఉంది. క్వాలిటీ సర్కిల్ ఫోరం అయితే మరీ మంచిది. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదు, సదస్సు పేరుతో అత్తవారింటికీ వెళ్ళి రావచ్చు.

సెక్రటరీ, ట్రెజరర్ పదవుల జోలికి మాత్రం పోకండి. మినిట్స్ రాయాలి, లెక్కలు అప్పజెప్పాలి, నాలుగు డిపార్ట్‌మెంట్ల వాళ్ళతో మాట్లాడాలి. ఆహ్వాన సంఘం కన్వీనర్ పదవి చూసుకోండి. బొకే అందిస్తే చాలు.

ఏడాది మొత్తానికి మీ పంట పండేది సెప్టెంబర్ 15న, విశ్వేశ్వరయ్యగారి జయంతికి. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు ఆయన చేసిన మేలు గురించి ఒక వాక్యం, భద్రావతి ఇనుము గురించి ఒక వాక్యం కంఠతా పట్టండి. ఆనాటి సభలో అసలు కథంతా దీపం వెలిగించే దగ్గరే. మొదటి వత్తి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ గారిది, రెండోది చీఫ్ జనరల్ మేనేజర్ గారిది. మూడోదాని వేళకు కొవ్వొత్తి మీ చేతిలో ఉండాలి. ఫ్యాను గాలికి మంట ఊగితే అరచెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యితోపాటు మొహమూ ఫోటోలో పడుతుంది.

ఆ తర్వాత రిటైరైన పెద్దాయనెవరో రైలు పట్టాల మీద ప్రసంగం మొదలుపెడతారు. ద్రవ ఉక్కులో హైడ్రోజన్ 1.6 పీపీఎం దాటకూడదనీ, దాటితే పట్టా లోపల సన్నటి పగుళ్ళు పుడతాయనీ, వాక్యూమ్ డీగ్యాసింగ్ అందుకేననీ విడమరిచి చెబుతారు. పొరపాటున కూడా వినకండి. రేపు షాపులో ఒక హీటు ఉక్కు రిజెక్టయితే కారణం మీకే తడుతుంది, పని మీ నెత్తినే పడుతుంది. భోజనాల లైను చూసుకోండి.

సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర డిప్లొమా కుర్రాడొకడు పట్టుకుంటాడు. "అన్నా, ఇన్‌స్టిట్యూషన్ వాళ్ళ ఏఎంఐఈ 2013 మే 31లోపు చేరినవాళ్ళకే డిగ్రీతో సమానమట కదా, మరి నేనేం చదవాలి?" అంటాడు. షిఫ్టు ఉందని చెప్పి తప్పించుకోండి. కూర్చుని దారి చూపిస్తే, వాడికి లెక్కలు చెప్పబోయి మీకూ మరిచిపోయిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ తిరిగొచ్చేస్తుంది. ఇంకో పదేళ్ళకు వాడు ఏ మీటింగులోనో మీ గురించి మంచిమాట చెబుతాడు. ఏం లాభం, ఫోటో ఉండదు.

సభ్యత్వ రుసుము రసీదు మాత్రం భద్రంగా దాచుకోండి. సంఘానికి మీరేం చేశారని ప్రమోషన్ ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి మీ దగ్గరుండేది అదొక్కటే.