రూపాయిన్నర చిన్నాయన

నెలాఖరులో తిరుపతిలోని మా చిన్నాయన ఇంటికి పోయేవాళ్లు టార్చిలైటు పట్టుకుపోవడం మంచిది. 125 యూనిట్లు ఆయనకు లక్ష్మణరేఖ. కరెంటు టారిఫ్‌లో 76 నుంచి 125 దాకా యూనిట్‌కు 4.50, అది దాటితే 6 రూపాయలు. అయ్యవారుగా రిటైరైన మనిషికి ఎక్కాలకంటే ఆ పట్టికే బాగా నోటికొచ్చు.

"దాటితే ఏమవుతాది చిన్నాయనా? దాటిన యూనిట్లకే కదా ఎక్కువ. ఒకటి దాటితే రూపాయిన్నర" అన్నాను.

"ఆ రూపాయిన్నర ఎవరిస్తారురా, మీ నాయనిస్తాడా?"

మా నాయన ఆయనకు సొంత అన్న. అడిగితే ఇచ్చేవాడే.

మామూలు రోజుల్లో కొంచెం ఓపిక పట్టవచ్చు గానీ ఆయనతో కొండకు మాత్రం పోకూడదు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388. అలిపిరిలో 3,550. తెలివైన వాళ్లెవరైనా మొదటిదే ఎంచుకుంటారు. "శ్రీనివాస మంగాపురం దాకా ఆటోకు ఎవడు పెడతాడురా?" అని చిన్నాయన అలిపిరికే దారి తీస్తాడు, అదీ ఇంటి నుంచి నడిచే. పైన వెంగమాంబ సత్రంలో కడుపారా అన్నప్రసాదం. దర్శనానికి ఉచితంగా ఇచ్చే ఒక్క లడ్డూను దిగొచ్చాక ఏడు వాటాలు వేసి బంధువులకు పంచుతాడు. మా వాటాకు ఒకసారి జీడిపప్పు వచ్చింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాడు.

ఎర్రగడ్డలు చీకటి పడ్డాక కొనాలి, కరివేపాకు కొసరుగానే రావాలి. ఇవి అందరిళ్లలోనూ ఉండేవే, వదిలేద్దాం.

చిత్తూరు ప్రయాణం సంగతి వేరు. బస్సు కళ్లముందే ఉన్నా ఆయన పాకాల మీదుగా పోయే ప్యాసింజరు కోసం స్టేషన్లో కూర్చుంటాడు. పెద్దవాళ్లకు రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినప్పటి నుంచీ ఆ దుఃఖం ఉంది. ప్యాసింజరు టిక్కెట్టుకు ఆ రాయితీ ఎప్పుడూ పెద్దగా కలిసొచ్చింది లేదని చెప్పి చూశాను. "రాయితీ రాయితీనే" అన్నాడు. మా మేనకోడలి పెళ్లికి ఇట్లాగే బయలుదేరి, తాళి కట్టడం అయిపోయాక, బంతి భోజనాలకు సరిగ్గా చేరాడు. "బస్సులో అయితే డబ్బు పోతాది, రైల్లో అయితే పొద్దు పోతాది. పొద్దుకు నా దగ్గర కొదవేముంది?" అన్నాడు, రెండోసారి పాయసం పోయించుకుంటూ. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకింకా ఏమీ తోచలేదు.

2025 ఆగస్టు 15న ఆర్టీసీలో ఆడవాళ్లకు స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం మొదలైన రోజు మా చిన్నాయన ముఖం చూడాల్సింది. ఇంటి పనులన్నీ అప్పటికప్పుడే చిన్నమ్మ పేరున రాసేశాడు. బ్యాంకుకు ఆమె, మార్కెట్టుకు ఆమె, బంధువుల పరామర్శకు ఆమె. నలభై ఏళ్లుగా "ఊరికే తిరగడానికి ఛార్జీలు తగలేస్తారా" అనే మాట విని ఇంట్లో కూర్చున్న చిన్నమ్మ ఆధార్ కార్డు కొంగుకు ముడేసుకుని బయలుదేరింది.

మొదట కాణిపాకం. తర్వాత మదనపల్లె, అక్క కూతురింటికి. ఇప్పుడు పలమనేరులోని పుట్టింటికి వారం వారం పోతోంది. పోతే రెండు మూడు రోజులకు గానీ రాదు. "జీరో టిక్కెట్టే కదండీ, మీరే కదా పొమ్మనింది" అంటుంది. చిన్నాయన దగ్గర దీనికి సమాధానం లేదు. ఖర్చు కాని పనిని వద్దని చెప్పడం ఆయనకు అలవాటు లేని విద్య.

ఆమె లేని రోజుల్లో గ్యాసు కలిసొస్తోందని మాకు చెబుతున్నాడు. నిజమే. ఆయనింట్లో పొయ్యి వెలగదు. సరిగ్గా మా ఇంట్లో సంగటి ముద్దలు చేసే వేళకు, "ఇట్లా పోతా ఉండి వచ్చినాలే" అంటూ గేటు తీస్తాడు. చేతిలో ఫోనూ, చార్జరూ ఉంటాయి. మా ఇల్లు ఎట్లాగూ 225 దాటే స్లాబులోనే ఉందని ఆయనకు తెలుసు.