జమ్మలమడుగు సునామీ

జమ్మలమడుగు మనిషి సముద్రం చూడాలంటే పెన్న వెంబడి నెల్లూరు దాటి పోవాలి. అయినా ఆ ఊరి కోర్టుకూ, ఇటు ప్రొద్దుటూరు, పులివెందుల కోర్టులకూ సునామీలు వస్తూనే ఉంటాయి. చట్టాన్నీ వాయిదాల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది అదే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు ప్రకారం, దావా విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదు. 2002 జూలై 1 నుంచి అమల్లో ఉన్న మాట ఇది. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు కాస్త కనికరించి, మనిషి చేతిలో లేని ఆపద వస్తే నాలుగోదీ ఇవ్వొచ్చంది. ఎట్లాంటి ఆపదో ఉదాహరణలూ చెప్పింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన, గుజరాత్ భూకంపం, సునామీ. మరి పొలం గట్టు దావాలో ఒకే పక్షం 30 వాయిదాలు పుచ్చుకుందంటే, ఈ మధ్యలో 27 ఉత్పాతాలు జరిగి ఉండాలి కదా! పేపరోళ్లే కనిపెట్టలేకపోయారు.

ఉత్పాతం చాలా వినయంగా వస్తుంది. జూనియర్ లేచి, నడుం వంచి, "సీనియర్ గారు కడప కోర్టులో ఉన్నారు సార్" అంటాడు. ప్లీడరు ఇంకో కోర్టులో ఉండటం వాయిదాకు కారణం కాదని అదే 17వ ఆర్డరులో అచ్చయి ఉంది. ఆ సంగతి లేచినాయనకూ తెలుసు, బెంచి మీదున్నాయనకూ తెలుసు. అవతలి వకీలు మండిపడతాడేమో అనుకుంటాం. ఆయన నవ్వుతూ "అభ్యంతరం లేదు సార్" అంటాడు. వచ్చే వారం ఆయనింట్లో పెళ్లుంది మరి. జడ్జిగారు తారీఖు వేస్తారు. చేతికందని కేసుల జాబితాలో ఈ పూటకు ఒకటి తగ్గిందంటే ఆయనకూ మేలే. బెంచికీ బారుకూ మధ్య సుహృద్భావమంటే ఇదేనట. బదిలీ సభల్లో శాలువాలు కప్పి మరీ చెప్పుకుంటారు.

ఈ మర్యాదలో పాలు లేనిది ఒక్కరికే. చీనీతోటకు నీళ్లు కట్టేది మానుకొని, సాక్షికి చార్జీలూ తిండీ పెట్టుకొని, సింహాద్రిపురంలో తొలి బస్సెక్కి వచ్చిన రైతుకు.

"ఏం సామీ, ఈపొద్దన్నా అయితాదా?"

"వచ్చే నెల పద్దెనిమిదికి రాప్పో," అంటాడు గుమాస్తా. ఫీజుకు మాత్రం ఏనాడూ వాయిదా లేదు.

ఊరికే వాయిదా అడిగిన పక్షంతో ఖర్చులు కట్టించాలని కూడా చట్టంలో ఉంది. కొత్తగా వచ్చిన ఏ జడ్జిగారైనా పొరపాటున ఆ పేజీ తెరిచారనుకోండి, నడుం వంచిన వినయం చప్పున నిటారుగా నిలబడుతుంది. "సార్ ప్రవర్తన బాగలేదు" అని బార్ గదిలో తీర్మానం. తెల్లారితే విధుల బహిష్కరణ. ఆ పొద్దు కూడా సింహాద్రిపురం బస్సు వస్తుంది, రైతు దిగుతాడు, ఇంకో తారీఖు రాయించుకొని పోతాడు.

న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు లేదని హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు 2002 డిసెంబరు 17నే తేల్చింది. అందుకే మనవాళ్లు సమ్మె మాటెత్తరు, బహిష్కరిస్తారు. ఆ తీర్పు బహిష్కరణ పిలుపులు కూడా కూడదనే అంది. బహుశా అంతదాకా చదవడానికి టైం పిటిషన్ వేసి ఉంటారు.