దెయ్యాల కాపలా

కడప జిల్లా గండికోటలో ఓ పాడుబడ్డ మండపం. దూరం నుంచి చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. దగ్గరికెళ్తే కడుపు మండుతుంది. స్తంభం మీద నర్తకి మోకాలిపై మేకుతో గీకిన పేరు, పక్కనే బాణం గుచ్చిన గుండె బొమ్మ. వందల ఏళ్ల ఎండావానా చెయ్యలేని పని ఒక్క మేకు చేస్తోంది.

కోటలో గొర్రెలు మేపుకునే ఓ ముసలాయన ఇది చూసి తట్టుకోలేకపోయేవాడు. కేకలేశాడు, బతిమాలాడు. ఎవరూ వినలేదు. అప్పుడే ఊరి బడిపంతులు చెప్పిన పాత సంగతొకటి ఆయన చెవిన పడింది.

గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో ఈ కోట పట్టుకున్నాడు. ఫిరంగులు పోయించాలని గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి, ఓ ఫ్రెంచివాణ్ని పనికి పెట్టాడు. మిగతావి కరిగాయి గానీ గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా మండిపడ్డాడట. ఒక్క ఫిరంగీ తయారు కాలేదు. 1652లో ఇక్కడికొచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇదంతా రాసిపెట్టాడు.

ముసలాయనకు అది చాలింది. మర్నాటి నుంచి కనబడిన ప్రతి కుర్రాడికీ ఒకటే చెప్పాడు.

"పొద్దు గూకినాక ఆ మండపంలోకి పోవద్దు నాయనా! అమాసనాడు కొలిమి తిత్తుల సప్పుడు ఇనపడతాది. పోతపనోళ్లు దెయ్యాలై ఆ ఆరు ఇగ్రహాలకు కాపలా ఉండారు. రాయి మీద చెయ్యేసినోడు నెత్తురు కక్కుకుంటాడు."

మాట పారింది. మేకులు పట్టుకొచ్చే పిల్లలు ఆ ఛాయలకే రావడం మానేశారు. స్తంభాల మీద కొత్త గీత పడలేదు. కథ జమ్మలమడుగు దాటింది, ప్రొద్దుటూరు దాటింది. ముసలాయన కంటినిండా నిద్రపోయాడు.

ఓ అమావాస్య రాత్రి మండపంలోంచి నిజంగానే చప్పుడు వినపడింది. టార్చిలైటు పట్టుకుని పరుగెత్తాడు. నేల బండలు పెళ్లగించి ఉన్నాయి. మధ్యలో నడుం లోతు గుంత. అంచున కోసిన నిమ్మకాయలు, కుంకుమ, తల తెగిన కోడి. స్తంభం ఒరిగిపోయి నర్తకి రెండు ముక్కలైంది. గుంతలో ఇద్దరు కుర్రాళ్లు, చేతుల్లో గడ్డపారలు.

ముసలాయనకు నోట మాట రాలేదు. కాసేపటికి గొంతు పెగుల్చుకున్నాడు.

"దెయ్యాలుండాయని తెలిసీ ఎట్ల వచ్చినార్రా?"

ఒకడు చెమట తుడుచుకున్నాడు.

"దెయ్యాలుండాయనే వచ్చినాం తాతా. కింద ఏమీ లేకుంటే అవి ఊరికినే కాపలా ఉంటాయా?"