పలమనేరు పల్లెవెలుగు ఆత్మకథ

పలమనేరు డిపోకు చెందిన ఈ పల్లెవెలుగు బస్సు పొద్దున పుంగనూరు మీదుగా మదనపల్లెకు, మధ్యాహ్నం వి.కోట మీదుగా కుప్పానికి పోతుంది. తన బతుకు తానే చెప్పుకుంటున్నా ఈ బస్సు ‘నేను’ అనదు; ఊళ్ల చరిత్ర రాసేవాళ్ల తీరులోనే తన సంగతి చెబుతుంది. చెప్పవలసింది ఇంజను గురించి కాదు, తనలో ఎక్కి దిగినవాళ్ల గురించి. వాళ్లలోనూ, గ్రామాభివృద్ధి పనులు చూడడానికి దూరదేశాల నుంచి వచ్చే విద్యార్థుల గురించి. ఇక్కడి సంస్థలు వాళ్లను ఇంటర్న్‌లు అంటాయి. ఊళ్లలో ‘ఫారిన్ పాప’, ‘ఫారిన్ అబ్బాయి’ అంటారు.

ఈ సీమకు విదేశీయులు కొత్త కాదు. 19వ శతాబ్దంలో అమెరికా క్రైస్తవుల ఆర్కాట్ మిషన్ పలమనేరు, మదనపల్లె ప్రాంతాల్లో పనిచేసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్-మొల్లర్ నడిపాడు. 1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజాభివృద్ధి పథకం మొదలైనప్పుడు దాని వెనుక అమెరికా సాయం ఉంది. 1961 నుంచి 1976 దాకా అమెరికా పీస్ కోర్ యువకులు కోళ్ల పెంపకం, సేద్యం వంటి పనుల్లో భారతీయ పల్లెల్లో ఉన్నారు. 1969లో స్పెయిన్ దేశీయుడు విన్సెంట్ ఫెర్రర్ పొరుగున అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టాడు. వాళ్లు ఎక్కువమంది ఏదో ఒకటి ఇవ్వడానికో నేర్పడానికో వచ్చారు. ఈ బస్సెక్కేవాళ్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. అలా రావలసినంత విద్య ఈ కరువు సీమలో పుట్టింది.

అలా వచ్చినవాళ్లలో ఒకమ్మాయి జర్మనీలో ఉపాధ్యాయ విద్య చదువుతోంది. మొదటి రోజు డ్రైవరు వెనుక సీట్లో కూచుంటే పక్కనున్న అవ్వ “యా ఊరు పాపా?” అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వి పుంగనూరు అంది. అప్పటికి ఆమెకు పలకడం వచ్చిన ఊరు అదొక్కటే. అంతకుముందే పుంగనూరు ఆవులను పలమనేరు పశుపరిశోధన స్థానంలో చూసి వచ్చింది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఆ కేంద్రం మీటరు ఎత్తు కూడా లేని ఆ పొట్టి జాతిని కాపాడుతోంది. తక్కువ మేతతో బతికి, వెన్న ఎక్కువున్న పాలిచ్చే ఆవు వాన సరిగా పడని నేలకు ఎంత విలువైనదో ఆ అమ్మాయికి అక్కడ అర్థమైంది.

ఆమె అసలు పని మదనపల్లె అవతల, రిషి వ్యాలీలో. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో వెలసిన ఆ బడి పేరు చాలామందికి తెలుసు. చుట్టుపక్కల పల్లెల్లో దాని గ్రామీణ విద్యా కేంద్రం నడిపిన చిన్న బడుల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ రూపుదిద్దిన పద్ధతిలో తరగతివారీ వరసలు లేవు. గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. పిల్ల తానున్న మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తీసుకుని తన గుంపులో కూచుంటుంది. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు తమంతట తాము చదువుతారు. ఒకే టీచరు ఉన్న పల్లెబడికి ఇంతకన్నా తగిన ఏర్పాటు మరొకటి కనబడదు. వేరుశనగ పీకే రోజుల్లో పిల్ల రెండు వారాలు బడికి రాకపోయినా నష్టపోదు. తిరిగొచ్చి ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. పాఠం తనను వదిలేసి ముందుకు పోయిందనే దిగులు ఉండదు. కూలి ఇళ్ల పిల్లలు బడి మానడానికి ఆ దిగులు ఎంత పెద్ద కారణమో ఈ దారిలో తిరిగే టీచర్లందరికీ తెలుసు.

ఈ పద్ధతిని చూసి వెళ్లిన మైసూరు జిల్లా హెచ్.డి.కోట టీచర్లు 1995లో కర్ణాటకలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. జర్మనీలో రీగన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం దీని మీద పరిశోధన చేసింది. ఆ అమ్మాయి ఇక్కడికి రావడానికి దారి వేసింది ఆ పరిశోధనే.

మధ్యాహ్నపు దారి వేరు. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 172 ఎకరాల్లో ఉంది. 1999లో రాంజీ రాఘవన్ స్థాపించిన ఈ సంస్థ, ఒకప్పుడు బోడిగా ఉన్న గుట్టలను చెట్లతో నింపి సైన్సు ప్రయోగశాలలు కట్టింది. ప్రయోగ సామగ్రి నింపిన వ్యాన్లను ఊరూరి బడులకు పంపుతుంది. సర్కారు బడి పిల్లలే మిగతా పిల్లలకు ప్రయోగం చేసి చూపించే తీరు ఆ అమ్మాయిని ఎక్కువగా ఆకట్టుకుంది. ఈ దారిలో సాయంత్రాలు సమయం చెప్పలేం. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు రోడ్డెక్కితే బస్సు ఆగవలసిందే. అరటి తోట, చెరకు తోట పోగొట్టుకున్న రైతు మాటలు ఆమె విన్నది అలా ఆగినప్పుడే.

అన్నింటికన్నా ఎక్కువ చదువు బస్సులోనే దొరికింది. 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. అప్పటి పొదుపు సంఘాలు, వాటి మీది గ్రామ, మండల సమాఖ్యలు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటి మీటింగుకు ఈ బస్సులో పోయే ఆడవాళ్లను ఆమె ఏడాదికి ఆదాయం ఎంతని అడిగేది. జవాబు ఎప్పుడూ పదిహేను రోజుల లెక్కలో వచ్చేది. ఇంట్లో ఆవుంటే పాల బిల్లు వచ్చేది పదిహేను రోజులకోసారి. అప్పు కంతు, బిడ్డ ఫీజు, అంగడి బాకీ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఆమె తన ప్రశ్నల కాగితం మార్చుకుంది. వారం రోజులు ఫోటోలు తీసుకుని పోయేవాళ్లకు ఇది పట్టుబడదు. నెలల తరబడి ఉన్నవాళ్లనే ఇంటర్న్‌లు అనడం న్యాయం.

2025 ఆగస్టు 15న ‘స్త్రీ శక్తి’ పథకం వచ్చాక రాష్ట్రంలోని ఆడవాళ్లకు ఈ బస్సులో చార్జీ లేదు. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఆ అమ్మాయి మాత్రం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కునేది. అవ్వలు ఆమె తరఫున కండక్టరుతో వాదించేవారు. ఆ వాదనలు వింటూ ఆమె ఎవరు ఎక్కడ ఎక్కుతున్నారో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి పోవడం నెలల తరబడి వాయిదా వేసుకున్న మోకాళ్ల నొప్పి మనిషి, పుట్టింటికి ఊరికే పోయొస్తున్న కోడలు, పట్నంలో కుట్టుపని నేర్చుకోను బయలుదేరిన పడుచుపిల్ల ఆ పేజీల్లోకి ఎక్కారు.

విశ్వవిద్యాలయానికి రాసిన నివేదికలో ఆమె బడులకు, సంఘాలకు, పశుపోషణకు తలా ఒక అధ్యాయం ఇచ్చి, రవాణాకు విడిగా ఇంకొకటి చేర్చింది. సంత రోజు, పాల బిల్లు రోజు, మండల సమాఖ్య మీటింగు రోజు ఆడవాళ్లు ఏ స్టాపులో ఎందరు ఎక్కారో అందులో పట్టికగా వేసింది. ఆ పట్టిక పైన, పలమనేరు నుంచి మదనపల్లెకు పొద్దుటి సర్వీసు అని ఈ బస్సునే పేర్కొంది.