పల్లకిలో పరుపు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ పార్కింగులో ఒక గృహప్రవేశం జరిగింది. గృహం వెడల్పు మూడడుగులు, పొడవు ఆరున్నర. పునాది లేదు, దాని బదులు ఒక చక్రం ఉంది. దాని కుడి పక్కన కడ్డీలతో బిగించిన బుల్లెట్టు మోటారు సైకిలు. నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేరు కుర్రాడు ఆరు నెలల పాటు వెల్డింగు షెడ్డు చుట్టూ ప్రదక్షిణలు చేసి కట్టించుకున్న సైడ్‌కారు క్యాంపర్ అది. పూజారిగారు అలవాటు కొద్దీ నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. మూడు చక్రాల కింద మూడు పెట్టాక, నాలుగోదాన్ని కాసేపు చేతిలో తిప్పి సంచిలో వేసుకున్నారు.

మా వాచ్‌మన్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇడ్లీ పాత్ర ఏడ పెడతరు సార్?" అని అడిగాడు. కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. వీధి చివరి టిఫిన్ బండికీ దీనికీ పొయ్యి ఒకటే, రేకు ఒకటే. ఆ బండి రోజూ డబ్బు తెస్తుంది, ఇది రోజూ తింటుంది. తేడా అంతే.

లోపలికి తొంగి చూశాను. పరుపు. మడత బల్ల. చిన్న ఫ్రిజ్. పైన సోలార్ పలక. కాఫీ గింజలు విసిరే మర. డ్రోనుకి ఒక అర, కెమెరాలకి ఇంకో అర. తలగడ పక్కన ఒక పుస్తకం, తక్కువ వస్తువులతో బతకడం ఎలాగో చెప్పేది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు.

"పూర్తిగా సోలో అంకుల్! హైదరాబాద్ నుంచి లదాఖ్. నేనూ, రోడ్డూ. అంతే," అన్నాడు.

బాల్కనీలోంచి వాళ్లావిడ అడిగింది, "మరి నేను?"

"నువ్వు లైవ్‌లో చూడొచ్చు."

ఆ అమ్మాయి బట్టలు ఆరేయడం ఆపి లోపలికి వెళ్లిపోయింది. సైడ్‌కారు చరిత్రలో ఇంత పెద్ద అవమానం ఇంతవరకూ జరగలేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. ఎందుకంటే అసలు సైడ్‌కారు పుట్టిందే "మరి నేను?" అన్న ప్రశ్నకి జవాబుగా. ఒక్కడే పోదలుచుకున్నవాడికి రెండు చక్రాలు చాలు. మూడోది పక్కవాళ్ల కోసం.

మా పెదనాన్న స్కూటరుకి ఎడమ పక్కన అలాంటిదే ఒకటి ఉండేది. పిల్లలం దాన్ని తొట్టి అనేవాళ్లం. ఆదివారం జూపార్కుకి బయలుదేరితే స్కూటరు మీద పెదనాన్న, ఆయన వెనక అన్నయ్య, తొట్టిలో పెద్దమ్మ, పెద్దమ్మ ఒళ్లో చెల్లెలు, చెల్లెలి ఒళ్లో పులిహోర క్యారేజీ, వాళ్ల కాళ్ల సందున నేను. ఆ ప్రయాణానికి ఎవరూ సాహసం అని పేరు పెట్టలేదు. తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది, అది వేరే సంగతి. 1975లో షోలే వచ్చినప్పుడు అమితాబ్, ధర్మేంద్ర పాట పాడుకుంటూ వెళ్లిన బండికీ తొట్టి ఉంది. తొట్టిలో స్నేహితుడున్నాడు, ఫ్రిజ్ కాదు. పాట మధ్యలో తొట్టి ఊడి విడిగా పోయి మళ్లీ వచ్చి కలుసుకుంటుంది కూడా. మనుషులున్న తొట్టి కనక తిరిగొచ్చింది.

1915లో ఎఫీ హాచ్‌కిస్ అనే అమ్మాయి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో హార్లీ డేవిడ్‌సన్ ఎక్కి, సైడ్‌కారులో తల్లి ఏవిస్‌ని కూర్చోబెట్టుకుని అమెరికా ఖండం ఆ చివర శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి తిరిగొచ్చింది. అప్పటి రోడ్లు ఎలాంటివో ఊహించుకోండి. ఆ పిల్ల అమ్మని తీసుకెళ్లింది. ఇద్దరు హంగరీ కుర్రాళ్లు సైడ్‌కారున్న హార్లీ మీద 1928లో బయలుదేరి 1936 దాకా ప్రపంచం చుట్టారు. ఇద్దరు, గమనించండి. చివరికి జర్మన్ సైన్యం కూడా సైడ్‌కారులో మెషిన్‌గన్ బిగించినప్పుడు దాని వెనక ఒక మనిషిని కూర్చోబెట్టింది. హిట్లరు సైన్యానికున్న ఆ పాటి ఇంగితం మా నాలుగో అంతస్తుకి లేకపోయింది.

పోనీ, మనుషుల సంగతి వదిలేద్దాం. యంత్రం సంగతి చూద్దాం. మోటారు సైకిలు తోలడంలో ఉన్న ఆనందమంతా మలుపులో ఒరగడంలో ఉంది. పక్కన తొట్టి బిగిస్తే బండి ఒరగదు. హ్యాండిలుని రెండు చేతులా పట్టుకుని, మొండి దూడని లాగినట్టు లాగాలి. యాక్సిలేటరు ఇస్తే తొట్టి వెనక్కి గుంజి బండిని ఎడమకి, అంటే కాలవ వైపు తిప్పుతుంది. బ్రేకు వేస్తే, తొట్టి చక్రానికి విడిగా బ్రేకు లేకపోతే, అది తన బరువుతో ముందుకు తోసుకొచ్చి బండిని కుడికి, అంటే ఎదురొచ్చే లారీ వైపు తిప్పుతుంది. కాలవా, లారీనా అన్నది మన ఇష్టం. ఎడమ మలుపు కాస్త గట్టిగా తిప్పితే ఖాళీ తొట్టి గాల్లోకి లేస్తుంది. లేవకుండా అందులో బరువుండాలి. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అనే మోటారు సైకిలు పందేల్లో 1923లో సైడ్‌కారు రేసులు మొదలైనప్పుడు ఆ బరువు ఒక మనిషి. మలుపు మలుపుకీ అటూ ఇటూ వేలాడే ఆ పక్కవాణ్ణి రేసుల వాళ్లు ముద్దుగా కోతి అంటారు. అంటే యంత్రమే అడుగుతోంది, పక్కన ఒక ప్రాణి ఉండాలని. మనవాడు ప్రాణి బదులు కాఫీ మర పెట్టాడు.

ట్రాఫిక్కులో సందు దొరికితే దూరిపోయే సుఖం పోయింది. పోనీ కారు సుఖం వచ్చిందా? ఇక్కడే నా నవ్వు ఆగలేదు. ఈ ఇంటికి పైకప్పుంది. వాన చుక్క లోపలికి రాకుండా రబ్బరు అంచులున్నాయి. కానీ బండి నడిచేటప్పుడు యజమాని ఇంటి బయటే కదా కూర్చునేది! ఎండ పడినా వాన పడినా అతని నెత్తినే. పరుపు మాత్రం పొడిగా, చల్లగా, ఒళ్లు విరుచుకుని ప్రయాణిస్తుంది. రెంటికీ చెడ్డ రేవడికి బొమ్మ గీయమంటే ఇక ఈ బండి ఫొటో ఇస్తే సరిపోతుంది.

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసులో కాశీయాత్రకి బయలుదేరారు. 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. మన భాషలో యాత్రాచరిత్ర అంటే మొదట చెప్పుకునేది ఆయన రాసిందే. ఆయన వెంట వంద మంది దాకా పరివారం. ఆయన పల్లకిలో, బోయీలు కింద. అన్యాయమే, కాదనను. కానీ లెక్క స్పష్టంగా ఉంది: ప్రభువు లోపల, మోసేవాడు బయట. ఆయన ఎక్కడా తనది ఒంటరి ప్రయాణమని రాసుకోలేదు కూడా. మా కుర్రాడు రెండు వందల ఏళ్ల తర్వాత ఆ లెక్కని తిరగేశాడు. పల్లకిలో పరుపుగారు, బయట బోయీ ఇతను. కూలి లేని బోయీ. పైగా పల్లకి ఖర్చు కూడా బోయీదే.

చట్టం మాటేమిటని అడిగాను. "అదేముంది అంకుల్, సైడ్‌కారు లీగలే," అన్నాడు. సగం నిజం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మోటారు సైకిలుకి నిర్వచనం మహా సొగసైనది: రెండు చక్రాల వాహనం, ఊడదీయడానికి వీలైన సైడ్‌కారూ దాని చక్రమూ కలుపుకుని. అంటే మూడు చక్రాలున్న రెండు చక్రాల బండి. మన పార్లమెంటు లెక్కల్లో ఎప్పుడూ ఈ పాటి ఉదారంగానే ఉంటుంది. కానీ అదే చట్టంలో 52వ సెక్షన్ ఉంది: కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే మళ్లీ గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణ కూడా వచ్చింది: అనుమతి లేని ఒక్కొక్క మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్పుకి ఇంత అని! మంచం ఒకటి, పొయ్యి ఒకటి, కప్పు ఒకటి, మార్చిన ముందు ఫోర్కు ఒకటి. బ్రేకినస్పెక్టరు గారు కాగితం తీసి రాసుకోవడం మొదలుపెడితే ఆ మడత బల్ల మీదే రాసుకోవచ్చు.

ఇంత బరువుని లదాఖ్‌లో ఖర్దుంగ్ లా కనుమ ఎక్కించాలట. బుల్లెట్టు 350 ఇంజనుది సుమారు 20 గుర్రాల బలం. అంత ఎత్తున గాలి పలచబడి ఆ గుర్రాల్లో చాలా వరకు కొండ కిందే ఆగిపోతాయి. ఖర్దుంగ్ లా మీద చాలాకాలం 18,380 అడుగులని బోర్డు ఉండేది. కొలిచిన ఎత్తు సుమారు 17,582. బోర్డు కూడా తన గురించి కాస్త ఎక్కువే చెప్పుకుందన్నమాట. మా కుర్రాడికి అక్కడ ఆత్మబంధువు దొరుకుతుంది.

ఈ బండి పెట్టుబడికి సెకండ్ హ్యాండు ఓమ్నీ వ్యాను ఒకటి వచ్చేది. వెనక సీట్లు తీసేస్తే ముగ్గురు పడుకోవచ్చు, వాన పడితే డ్రైవరు కూడా తడవడు. ఆ మాటే అన్నాను. "ఓమ్నీలో ఫీల్ ఉండదు అంకుల్." ఫీల్ అంటే ఏమిటో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. అది వీడియో కింద రాసుకునే మాట.

మా ఔటర్ రింగు రోడ్డు దిగువన రోజూ రాత్రి లారీలు ఆగుతాయి. లారీ నీడన కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం ఉడుకుతుంది, క్యాబిన్‌లో పక్క పరిచి ఉంటుంది. నెలకి ఇరవై రోజులు వాళ్లది ఇదే కాపురం. గొర్రెల మందతో ఊళ్లు దాటి ఆరుబయట పడుకునే కాపరిదీ అంతే. గంగిరెద్దుని తోలుకుని సంక్రాంతికి బయలుదేరే ఆయనకైతే పక్కన మాట వినే ప్రాణి కూడా ఉంది, ఆ పైన దానికి పెట్రోలు అక్కర్లేదు. వీళ్లెవరికీ తాము క్యాంపింగు చేస్తున్నామని తెలియదు. తెలియకపోవడమే వాళ్ల తప్పు. తెలిస్తే జాకెట్టు కొనుక్కునేవాళ్లు.

బండి నిన్న వెళ్లింది. హైదరాబాద్ నుంచి మనాలి దాకా ఎండలో తోలడం వృథా శ్రమ, అసలు యాత్ర మనాలి నుంచే మొదలని కుర్రాడు తేల్చాడు. రైల్లో పార్శిలు వేద్దామంటే వెడల్పు చాలలేదు. తాళ్లు కట్టి లారీ ఎక్కించారు. అతను శుక్రవారం విమానంలో చండీగఢ్ వెళతాడు.

లారీలో ఇద్దరున్నారు. డ్రైవరు క్యాబిన్‌లో పడుకుంటాడు. బండి సామాను కనిపెట్టుకుని ఉండమని క్లీనరుకి కుర్రాడే తాళం ఇచ్చి పంపాడు. నిన్న రాత్రి ఆదిలాబాద్ దాటాక వాన పట్టుకుందట. క్లీనరు పరుపెక్కి తలుపేసుకుని, తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాడట.