దిగడం తెలియని ఊరు

విజయవాడ–విశాఖపట్నం ప్రధాన రైలుమార్గం మీద సామర్లకోట జంక్షన్ ఉండగా, కాకినాడ అక్కడి నుంచి చీలిన శాఖామార్గంలో ఉండిపోవడం వల్ల, దూరప్రాంతాల నుంచి కాకినాడ వెళ్లేవారిలో చాలామంది తరతరాలుగా ఇక్కడే దిగి బండి మారుతున్నారు. ఇంతమంది దిగిన ఊళ్లో దిగడమనే మాట ఇంగ్లీషులో ఎవరికీ సరిగ్గా రాదని స్పోకెన్ ఇంగ్లీషు పండితులు కనిపెట్టారు. ప్రయాణికుడు ‘గెట్ డౌన్’ అన్నాడంటే అది క్షమించరాని తప్పనీ, ‘గెట్ ఆఫ్’ అనలేనివాడు ఇంటర్వ్యూ గది గడప కూడా దాటలేడనీ వారి తీర్పు.

‘గెట్’ వంటి క్రియకు ఆన్, ఆఫ్, అప్, డౌన్ వంటి చిన్న మాట తోకలా తగులుకొని, రెండింటి విడి అర్థాలను ఎంత కూడినా రాని కొత్త అర్థాన్ని ఇస్తే, ఆ జంటను ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరును 1925లో తన పుస్తకం ద్వారా వ్యాప్తిలోకి తెచ్చినవాడు లోగన్ పియర్సల్ స్మిత్. అంతకుముందు కూడా ఇంగ్లీషువారు పొద్దున్నే నిద్ర లేచేవారనీ, బండ్లు ఎక్కి దిగేవారనీ పండితులు గమనించాలి.

పైగా గుర్రపు బండ్ల కాలంలో ఆ దొరలే ‘గెట్ డౌన్’ అని బండి దిగేవారు. తరువాత అక్కడ రైలుకూ బస్సుకూ ‘గెట్ ఆఫ్’ స్థిరపడింది. ఇక్కడ పాత మాటే నిలిచింది. పోనీ కొత్త మాటనే పట్టుకుందామని కారు దిగేటప్పుడు ‘గెట్ ఆఫ్’ అంటే అదీ తప్పే, అక్కడ ‘గెట్ అవుట్’ అనాలి. అదే మాటను ఎదుటివాడి ముఖం మీద అంటే బయటికి పొమ్మని గెంటినట్టు. ‘గెట్ ఆఫ్’కు శిక్ష తప్పించుకోవడమనే అర్థం కూడా ఉండగా, బ్రిటన్‌లో భోజనాల బల్ల దగ్గర నుంచి లేవడానికి పిల్లలు అడిగే అనుమతి ‘గెట్ డౌన్’. ఇన్ని చిక్కులున్నదాన్ని వాక్యమన్నది లేకుండా, ఎడమవైపు మాట, కుడివైపు అర్థం చొప్పున జాబితా వేసి బట్టీ పట్టించడం కోచింగ్ విద్యలోని గొప్పతనం.

తెలుగులో మాత్రం రైలు దిగుతారు, పెళ్లిలో ఫొటో దిగుతారు, ఎన్నికల బరిలోకి దిగుతారు. మేకు గోడలో దిగుతుంది, తాగినవాడికి మత్తు దిగుతుంది, చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతారు, పంతం పట్టినవాడు చివరికి దిగివస్తాడు. బడికి వెళ్లకముందే వీటిలో సగం పిల్లలకు వచ్చేస్తాయి, ఎందుకంటే వారు వినేది సందర్భంతో కూడిన మాటలను, జాబితాను కాదు. ముప్పై రోజుల్లో దిగడం నేర్పే పుస్తకం ఇంతవరకూ ఎవరికీ అవసరపడలేదు. వ్యాపారులకు ఈ ఆలోచన ఇంకా తట్టకపోవడం తెలుగువారి అదృష్టం.

బ్రిటిష్, అమెరికన్ వాడుకను పరీక్షించేచోట అభ్యర్థులు ‘గెట్ ఆఫ్’ అనే రాయాలి, మార్కులు దానికే వస్తాయి. సామర్లకోటలో దిగవలసినవారు టీటీఈతో ‘గెట్ డౌన్’ అన్నా ఆయన ఏ సందేహమూ లేకుండా దింపుతాడు.