శాలువాకు సరిపడా కన్నీళ్లు

పశ్చిమ ప్రకాశంలో కల్పనా సాహిత్యం వెనకబడిందని ఎవరన్నారు? వెలిగొండ ప్రాజెక్టు శిలాఫలకాలు చదవండి. 1996లో చంద్రబాబునాయుడు శంకుస్థాపన. 2024 మార్చి 6న జగన్మోహన్‌రెడ్డి దోర్నాల మండలంలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. 43.5 టీఎంసీల కృష్ణా వరదనీరు, 4.47 లక్షల ఎకరాలు, ఇరవై ఎనిమిదేళ్ల సీరియల్. అప్పటికి ముంపు గ్రామాలవాళ్లకు పరిహారం పూర్తిగా ముట్టలేదు, చుక్క నీరు పారలేదు. కథ పూర్తికాకుండానే అంకితమిచ్చేసిన రచయితలు ఇంకెక్కడున్నారు?

సరే, నాయకులకు అది వృత్తి. మన కవిగారి మాటేమిటి? పుట్టింది గిద్దలూరు పక్కన, కాపురం హైదరాబాద్‌లో. ఏటా ఉగాదికి మాత్రం కరువులో ఉంటారు. నెర్రెలిచ్చిన నేల, మబ్బుకేసి చూసే ముసలి రైతు, ఎండిన పొదుగు ఆయన సంచిలో ఎప్పుడూ సిద్ధం. ఆ రైతు బోరు ఎన్నడుగుల్లో ఎండిందో, వడ్డీ నూటికి ఎంతో, మొన్నటి ఎన్నికల్లో ఓటుకు ఎంత పుచ్చుకున్నాడో రాయమనండి. 'ఛ, అది కవిత్వం కాదు' అంటారు. అవును మరి, దానికి శాలువా రాదు. పైగా ఆయన కరువు కావ్యం ఆవిష్కరణ సభకు భోజనాలు పెట్టింది ఊళ్లో నీళ్ల ట్యాంకర్లు తిప్పే పెద్దమనిషి! కరువు మీద అంత మమకారం ఇంకెవరికుంటుంది?

కథకులూ తక్కువ తినలేదు. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టిన పిల్లకు 'ముత్యాల నవ్వు' అతికిస్తారు. పలకల ఫ్యాక్టరీలో దుమ్ము మింగే మనిషి దగ్గును 'శ్రమ సంగీతం' చేస్తారు. ఆ దగ్గు ఒక్క రాత్రి పక్క మంచంలో విన్నా ఆ మాట రాయగలరా? ముందుమాట రాసే ఆచార్యులవారైతే పుస్తకం విప్పకుండానే 'మట్టి పరిమళం' పీల్చేస్తారు.

నాదొక మనవి. ఇకమీదట సభల్లో మెమెంటోలు మానేసి మార్కాపురం పలకలు ఇవ్వండి. ఎలాగూ వాటిని కొనేవాళ్లు తగ్గిపోయారు. కవిగారు తన కరువు గీతాన్ని దాని మీద బలపంతో రాసి, ఎవరి గురించి రాశారో ఆ రైతుకే చదివి వినిపించాలి. అబద్ధమనిపించిన చోటల్లా ఆయన తడిగుడ్డతో తుడిచేస్తాడు. గుడ్డ తడపడానికి నీళ్లంటారా? ట్యాంకరాయన వేదిక మీదే ఉంటాడుగా, బిందె రేటు ముందే మాట్లాడుకోండి. ఒక్క బిందెతో అయ్యే పని కాదు.